వాన పేరు పెట్టిన జోల

...వాన అనే ఎందుకు చెప్పాడు మొదటిసారి? గాలి అనొచ్చు, రైలు అనొచ్చు. ఆ జోలపాట ఎలా పుట్టిందని ముప్పై ఏళ్లుగా అడిగిన ప్రతివాడికీ ఈ సంగీత దర్శకుడిది అదే మాట: "ఆ రోజు వాన పడుతోంది, ట్యూను దానంతటదే వచ్చింది." చెప్పగా చెప్పగా ఆ వాన ఇప్పుడు నిజంగానే వినిపిస్తోంది. వినిపించనిది కొత్త ట్యూనే. మూడేళ్లుగా ఏ సినిమాకి కూర్చున్నా హార్మోనియం మీద వేళ్లు తిరిగి తిరిగి ఆ పాత జోలపాట దగ్గరికే పోతున్నాయి.

అతని పనులు చూసే కూతురు కాగితాలతో వచ్చింది.

"నాన్నా, కొత్త డైరెక్టరుకి ఆ జోలపాటే కావాలట. నువ్వు సంతకం పెడితే చాలు."

"అంటే నా పని అయిపోయిందన్నమాట."

"అబ్బా, పొద్దున్నే మొదలెట్టకు! మొదట్లో ఆడగొంతు హమ్మింగు ఉందే, దాన్నీ అలాగే వాడతారట. పాడిందెవరు? పేరు వేయాలి."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"ఎవరో కోరస్ అమ్మాయి. గుర్తులేదు."

భార్య చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "గుర్తులేదా?"

"నువ్వు లోపలికెళ్లు."

"ముప్పై ఏళ్లూ లోపలే ఉన్నానుగా!" అని కూతురి వైపు తిరిగింది. "నీకన్నా ముందు ఒకడు పుట్టాడే. పదకొండు రోజులు బతికాడు. వాడు పోయిన మర్నాడు ఖాళీ ఉయ్యాల ఊపుతూ కూర్చున్నా. పాడుతున్నానని కూడా నాకు తెలీదు. మీ నాన్న తలుపవతల టేపు రికార్డరు నొక్కారు."

కూతురు తండ్రి వంక చూసింది. అతను చూపు దించుకునే భార్యను అడిగాడు.

"నీకు తెలుసా?"

"టక్కుమని వినపడింది. అంతకుముందే మీ అడుగులూ వినపడ్డాయి. లోపలికొచ్చి పక్కన కూర్చుంటారేమోనని ఇంకాసేపు పాడాను."

ఆమె పడకగదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

ఆ రోజు తాను ఏడ్చాడా? ఏడ్చాననే ఇన్నాళ్లూ నమ్మాడు. ఎంత తవ్వినా కన్నీరు గుర్తు రావడం లేదు. గుర్తున్నది ఒక్కటే, ఆమె ఆపేలోపు టేపు అయిపోతుందేమోనన్న భయం. కొడుకు పోయిన మర్నాడు అతను భయపడింది అందుకు. తర్వాత ఎందరు గాయనులు పాడినా ఆ గొంతు రాలేదు. చివరికి ఆ టేపునే పాటలో కలిపేశాడు. లోకం చప్పట్లు కొట్టింది. ఆమె ఆ సినిమా చూడలేదు. ఎందుకని అతను అడగలేదు.

"నాన్నా, వాళ్లకేం చెప్పను?"

"ఇవ్వనని చెప్పు."

"కారణం అడుగుతారు."

"వాన కాదని చెప్పు."

లేచి పడకగది ముందు నిలబడ్డాడు. లోపల ఏడుపు. అలవాటుకొద్దీ అతని చెవి దాని శ్రుతి వెతకబోయింది. ఏ స్వరమో తెలిసిపోయింది కూడా. తన మీద తనకే రోత పుట్టింది.

తలుపు తోశాడు. ఆమె ఇటు తిరగలేదు, జరిగి చోటూ ఇవ్వలేదు. మోకాళ్లు కలుక్కుమంటున్నా ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు.