ఇరవై తొమ్మిదో జవాబు

చివరి పీరియడ్. మబ్బు కమ్మేసి, మధ్యాహ్నం మూడింటికే క్లాసులో లైట్లు వెయ్యాల్సి వచ్చింది. టీచర్ లాప్‌టాప్‌ను గోడమీది తెరకు కలిపి, "మీ సర్వే జవాబులు వచ్చాయి. చూద్దామా?" అంది.

సర్వేలో ఒకటే ప్రశ్న: మన క్లాసులో నీకు ఎలా ఉంది? ఇంట్లో ఫోన్‌లో నింపి పంపాలి. అమ్మానాన్నలకు వేరే ఫారం. "పేరు రాయమంటే మొహమాటపడతారు. అందుకే పేరు అడగడం లేదు. మనసులో ఉన్నది రాయండి. శుక్రవారం దాకా ఫారం తెరిచే ఉంటుంది," అని టీచర్ ముందే చెప్పింది.

'ఫ్యాను కిర్రుమంటోంది.' 'లెక్కల హోంవర్కు తగ్గించండి.' 'లెక్కల హోంవర్కు ఇంకా ఇవ్వండి.' ఆ ఆఖరిది చూసి క్లాసంతా గొల్లుమంది.

టీచర్ ఆగి, కళ్ళజోడు సర్దుకుంది. "మీరు ఇరవై ఎనిమిది మందే కదా! ఇక్కడ ఇరవై తొమ్మిది జవాబులున్నాయేంటి?"

చివరి జవాబు తెరమీదికి వచ్చింది.

'నేను వెనక ఖాళీ బెంచీలో కూర్చుంటాను. మీకెవరికీ కనిపించను. నాకు చలిగా ఉంది.'

ఒక్కొక్క తలే వెనక్కి తిరిగింది. గోడవారనున్న ఆ బెంచీలో ఎవరూ లేరు. కిటికీ ఊచల నీడ మాత్రం దానిమీద పడుకుని ఉంది.

"ఎవరో రెండోసారి రాసుంటారులే," అంది టీచర్. కానీ ఆమె కూడా ఒకసారి బెంచీ వైపు చూసింది.

రాసిందెవరో గడుగ్గాయికి తెలుసు. రాసింది తనే మరి! ఇంట్లో పెట్టిన ఆ ముద్దుపేరే బడిలోనూ ఆ పిల్లకు స్థిరపడిపోయింది. అమ్మ ఫోన్‌లో బుద్ధిగా ఒకటి నింపి, నాన్న ఫోన్ లాక్కుని ఈ రెండోది పంపింది. ఇప్పుడు నవ్వాపుకోలేక పెదవి కొరుక్కుంటోంది.

పక్కనున్న స్నేహితురాలు బుంగమూతి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఒసేయ్, నాకు భయమేస్తోందే."

"నాకూనే," అంది గడుగ్గాయి, కళ్ళు ఇంతలేసి చేసి.

మర్నాడు తెరమీద ముప్పయ్యో జవాబు వచ్చింది.

'నువ్వూ ఉన్నావా? ఇక్కడ ఎవరికీ కనిపించనిదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నాను.'

గడుగ్గాయి దాన్ని ఇంకోసారి చదివింది. ఇది తను రాయలేదు.

"నువ్వేనా?" అని గడుగ్గాయి బుంగమూతి చెవిలో అడిగింది.

"నేనా? నా మొహం! నేను వెనక్కి చూడటమే మానేశాను."

ఆ సాయంత్రం గడుగ్గాయి కంచంలో అన్నం కెలుకుతూ కూర్చుంది. "అమ్మా, లేనివాళ్ళ పేరు మీద మనం ఏదన్నా రాస్తే... వాళ్ళు నిజంగా వచ్చేస్తారా?"

"ఎవరి పేరు మీద ఏం రాశావే?" అంది అమ్మ.

గడుగ్గాయి గబగబా ముద్ద నోట్లో పెట్టుకుంది.

మూడోరోజు పొద్దున సన్నగా వాన. క్లాసులోకి వచ్చినవాళ్ళు వచ్చినట్టే గుమ్మం దగ్గర ఆగిపోతున్నారు. ఖాళీ బెంచీమీద బూడిదరంగు స్వెటర్ ఉంది, మడత నలగకుండా.

"తాళం తీసింది నేనే. ఊడ్చింది నేనే. అప్పుడు అక్కడేమీ లేదమ్మా," అంది ఆయా, చీపురు గట్టిగా పట్టుకుని.

దాన్ని ముట్టుకోవడానికి ఎవరికీ చేతులు రాలేదు. గడుగ్గాయి అయితే గుమ్మమే దాటలేదు. 'నాకు చలిగా ఉంది' అని రాసింది తనే. స్వెటర్ వచ్చేసింది!

చివరి పీరియడ్‌లో టీచర్ తల్లిదండ్రుల జవాబులు తెరిచింది. రెండు మూడు చదివింది. నాలుగోది తెరమీదికి వచ్చాక గబుక్కున ఆపేసింది. కానీ క్లాసులో అందరికంటే వేగంగా చదివేది గడుగ్గాయే.

'మేము ఈ ఊరొచ్చి మూడు నెలలైంది. మా అమ్మాయి బడి గురించి ఒక్క మాటా చెప్పేది కాదు. మొన్నటినుంచీ వెనక బెంచీ స్నేహితురాలి కబుర్లే. పాపం ఆ పాపకు చలి అని ఈవేళ తన స్వెటర్ తీసుకెళ్ళింది. ఆ పాపను ఒకసారి మా ఇంటికి పంపండి టీచర్ గారూ.'

గడుగ్గాయి మెల్లగా వెనక్కి తిరిగింది.

ఖాళీ బెంచీకి ముందు వరసలో, మూడు నెలల కిందట బడిలో చేరిన కొత్తమ్మాయి కూర్చుని ఉంది. వాన చలికి అందరూ స్వెటర్లు వేసుకున్నారు. ఆమె మాత్రం రెండు చేతులూ చంకల్లో పెట్టుకుంది. ఆమె తెర వైపు చూడటం లేదు. వెనక్కి తిరిగి, ఆ ఖాళీ బెంచీని చూసి చిన్నగా నవ్వుతోంది.

గడుగ్గాయి ఒళ్ళు జలదరించింది. అది దెయ్యం భయం కాదు.

బెల్లు కొట్టి అందరూ వెళ్ళాక గడుగ్గాయి ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళింది. "ఆ బెంచీ గురించి రాసింది... నేనే. తమాషాకి."

ఆ అమ్మాయికి ఒక్క క్షణం అర్థం కాలేదు. "అయితే అక్కడ ఎవరూ లేరా?"

"లేరు."

ఆ అమ్మాయి వెళ్ళి స్వెటర్ తీసుకుంది. వేసుకోలేదు. గుండెలకు హత్తుకుని, "మా అమ్మకి చెప్పేశాను," అంది. అంతే. వానలోకి వెళ్ళిపోయింది.

తిట్టినా బాగుండేది. రెండు దెబ్బలేసినా బాగుండేది. గడుగ్గాయి ఇంటిదాకా తల ఎత్తలేదు.

మర్నాడు హాజరు పూర్తవగానే ఆమె లేచి నిలబడింది. "టీచర్, ఆ ఇరవై తొమ్మిదో జవాబు నాది. అందరినీ భయపెడదామని రాశాను. తప్పయిపోయింది."

"హమ్మయ్య!" అంది బుంగమూతి. "మరి ముప్పయ్యోది? ఆ స్వెటర్?"

క్లాసంతా ఆమె నోటివైపే చూస్తోంది. మామూలుగా అయితే గడుగ్గాయి నోట్లో నువ్వుగింజ నానదు.

"అవి నావి కావు. ఎవరివో నేను చెప్పను," అంది.

టీచర్ ఆమెను కాసేపు చూసి, రిజిస్టరు మూసింది.

గడుగ్గాయి సంచీ తీసుకుని వెళ్ళి వెనక బెంచీలో కూర్చుంది. ముందుకు వంగి గుసగుసగా అడిగింది. "మీ ఇంటికి నేను రావచ్చా? మీ అమ్మకి నిజం నేనే చెబుతాను."

కొత్తమ్మాయి వెనక్కి తిరగలేదు. "నాకు కోపంగా ఉంది."

"ఉండనీ."

"సాయంత్రం దాకా ఉంటుంది."

"సాయంత్రం దాకా ఇక్కడే కూర్చుంటాను."

రెండు పీరియడ్లు అలాగే గడిచాయి. మూడో పీరియడ్ బెల్లు కొట్టగానే ఆ అమ్మాయి పుస్తకాలు తీసుకుని లేచింది. మొహంలో నవ్వు లేదు. వెనక బెంచీ పక్కకు వచ్చి నిలబడింది.

"జరుగు," అంది.

గడుగ్గాయి జరిగింది.