కనుమ తెరుచుకునే వారం

1989 మార్చి 6, ఉదయం తొమ్మిది గంటలు. ఆర్మూర్ బస్టాండులో గంగారాం అనే వ్యక్తిని పొడిచి చంపారు. అతను సరిహద్దు కొండల్లో మంచు కొలిచే కేంద్రంలో గుమస్తా. సొంతూరు నవీపేట్.

మధ్యాహ్నం హైదరాబాద్‌లో ఏజెంట్ నాగేశ్వర్‌కు చీఫ్ బ్రీఫింగ్ ఇచ్చాడు.

“గంగారాం చేతిలో ఇరవై ఏళ్ల మంచు కొలతలు ఉండేవి. పై ఎత్తుల్లో మంచు పెద్దగా మారలేదు. కింది ఎత్తుల్లో ఏటేటా ముందే కరుగుతోంది. మే దాకా మంచుతో మూసి ఉండే ఒక కనుమ దారి ఇప్పుడు ఏప్రిల్‌లోనే తెరుచుకుంటోంది.”

“సరిహద్దు అవతలివాళ్లకు తెలిస్తే?”

“మన దళం కన్నా ముందు ఎక్కుతారు. ఏ ఎత్తున, ఏ వారంలో? వాళ్లకు ఈ రెండు అంకెలు చాలు. గంగారాం వాటిని వాళ్ల ముఠా మనిషి, పసుపు కమీషన్ వ్యాపారం చేసే అడ్తిదారు దేవదాస్‌కు చెప్పాడు. పని అయ్యాక ముఠా గంగారాంను చంపేసింది. రేపు పసుపు మార్కెట్లో దేవదాస్ అవతలివాళ్ల కొరియర్‌కు అందిస్తాడు.”

మర్నాడు నాగేశ్వర్ సాంగ్లీ నుంచి వచ్చిన ఖరీదుదారు వేషంలో పసుపు మార్కెట్‌కు వెళ్లాడు. నల్లకళ్లద్దాలు, సిల్కు చీరతో ఒకామె పక్కకు వచ్చింది. వసుమతి. ముఠాలో రహస్యంగా చేరిన మన మనిషి.

“గుంటూరు రకం దొరుకుతదా?” అంది.

“దుగ్గిరాల పోవాలి.”

కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది.

“కొరియర్ ఎవడో నాకు గూడ తెల్వది సాబ్. కాయితం లేదు, మాట లేదు. అంకెలు టవల్ కిందనే పోతయ్.”

అక్కడ ధర నోటితో చెప్పరు. అడ్తిదారు, ఖరీదుదారు టవల్ కింద చేతులు పట్టుకుని వేళ్లతో చెప్పుకుంటారు.

మెండోర రైతు గంగామణి పసుపు కుప్ప దగ్గర ఖరీదుదారులు వరుసగా నిలబడ్డారు. ఒక్కొక్కరు పసుపు కొమ్ము విరిచి, లోపలి రంగు చూసి, దేవదాస్ పట్టుకున్న టవల్ కింద చెయ్యి పెడుతున్నారు. అయిదోవాడు నేరుగా చెయ్యి పెట్టాడు.

“ఏం సేటూ, ఇరిచి సూడవా?” అంది గంగామణి. “నా పసుపు మీద గంత నమ్మకమా?”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అతను నవ్వలేదు. అతని ఎడమ చెయ్యి జేబులో ఉంది. బొటనవేలు కదులుతోంది.

ట్రాన్స్‌మిటర్. ఒక అంకె వెళ్లిపోతోంది.

నాగేశ్వర్ టవల్ కింద చెయ్యి దూర్చాడు. మూడో చెయ్యి అక్కడికి ఎప్పుడూ రాదు. తగలగానే బిగుసుకునే స్ప్రింగ్ బేడీ రెండుసార్లు టక్కుమంది. వసుమతి కొరియర్ ఎడమ చెయ్యి వెనక్కి విరిచింది.

టవల్ తీశారు. రెండు మణికట్లు, ఒకే బేడీ.

“ఏం చెప్పావ్?” అన్నాడు నాగేశ్వర్.

“ఎత్తు చెప్పిన సారూ,” అన్నాడు దేవదాస్. “వారం ఇంక చెప్పలే.”

“నా కుప్ప సంగతేంది మరి?” అంది గంగామణి.

ఆ సాయంత్రమే, ఈసారి ఏప్రిల్‌లోనే ఎక్కమని దళానికి వైర్‌లెస్ వెళ్లింది. ఏప్రిల్ 10న దళం కనుమకు చేరింది. అక్కడ మంచు లేదు. అవతలివాళ్లు ఇంకా రాలేదు.