చెరిపేసిన చుక్కలు

ఆ ఏనుగు మామూలుది కాదు. నిలబడితే సగం ఊరికి ఎండ తగలదు, తుమ్మితే పక్క ఊళ్లో తలుపులు మూసుకుంటాయి. అటవీ శాఖవాళ్లు దాని మెడకొక పట్టీ కట్టారు. అది ఎక్కడ తిరుగుతోందో పట్టీలోని యంత్రం ఎప్పటికప్పుడు చెబుతుంది, కంప్యూటర్లోనూ ఫోన్లోనూ ఎర్ర చుక్క పడుతుంది. ఆ చుక్కల్ని బట్టి ఏనుగు తిరిగే మేరకి హద్దు గీయడం ఆ ఆఫీసులో పటాలు గీసే ఆవిడ ఉద్యోగం.

కొన్ని చుక్కలు అడవి దాటి ఊళ్లో పడేవి. అదీ, సరిగ్గా ఆవిడ ఇంటి పెరట్లో.

"బకెట్ పెట్టడానికే చోటు లేదు, ఏనుగెక్కడ పడుతుంది?" అని నవ్వుకుని, యంత్రం పొరపాటేనని చెరిపేసేది. ఏనుగు ఊళ్లోకి రాకుండా, ఆవిడ గీసిన గీత వెంబడే కందకం తవ్వారు. ఏనుగు తన పాత దారినే వచ్చి, అందులో పడి, కాలు విరిగి చచ్చిపోయింది. పట్టీ విప్పి, బ్యాటరీ తీసేసి, ఆఫీసు బీరువాలో పెట్టారు.

ఆ సాయంత్రం వాన. గదంతా తడి గోనెసంచి వాసన. ఆవిడ కంప్యూటర్ కట్టేయబోతుంటే ఒక చుక్క పడింది. కందకానికి ఇవతల.

బీరువా తెరిచింది. పట్టీ అక్కడే ఉంది. బ్యాటరీ పక్కనే ఉంది. పట్టీ మాత్రం... వెచ్చగా ఉంది.

ఇంకో చుక్క. ఇంకోటి. బజారు మలుపు. వాళ్ల వీధి...

ఇంటికి ఫోన్ చేసింది. "అత్తయ్యా, పాపేదీ?"

"వెనక గదిలో. నీ నోరే వచ్చింది దానికి. మనుషులు దొరక్కపోతే గోడతో మాట్లాడుతోంది."

ఆఫీసు జీపు నడిపేది ఆవిడ మరిదే. "చచ్చిన ఏనుగుకి భయమేంటి వదినా, బతికున్న అన్నయ్యకే భయపడవు నువ్వు," అన్నాడు గాని, బండిని మాత్రం గాల్లో తోలాడు.

ఇంట్లో పచ్చి గడ్డి నమిలిన వాసన. పాప కిటికీలోంచి అరచెయ్యి బయటికి చాచి నిలబడి ఉంది.

"అమ్మా, మెల్లగా," అంది గుసగుసగా. "దానికి కాలు విరిగింది."

ఆ సంగతి పాపకి ఎవరూ చెప్పలేదు.

పాపనీ అత్తగారినీ జీపు వెనక సీట్లో కూర్చోబెట్టి, తను ముందెక్కింది. జీపు కదిలింది. ఫోన్లో చుక్క కూడా కదిలింది. పెరడు దాటింది. రోడ్డెక్కింది. జీపు వీధి తిరిగితే అదీ తిరిగింది...

"వదినా," మరిది గొంతు తగ్గించాడు. "బండి ఇంత బరువుగా ఉందేంటి?"

వెనక సీట్లో పాప నాన్నమ్మ ఒళ్లోకి జరిగి, పక్కన చోటిచ్చింది.