మూడో జడ

ప్రమాదం జరిగిన ఏడాదికి అక్క నన్ను మొదటిసారి ఒకటి అడిగింది. "నా మొద్దు బొమ్మ వేసివ్వవే."

మొద్దు అంటే దాని గుర్రం. స్వారీలో ఇద్దరూ ఒకేసారి పడ్డారు. అక్క నడుము పోయి మంచం పట్టింది. గుర్రానికి ముందుకాళ్లు రెండూ విరిగాయి. అక్కకి స్పృహ లేకపోవడంతో పశువుల డాక్టరు నన్ను అడిగాడు. ఆఖరి ఇంజెక్షన్‌కి సరేనన్నది నేనే. అక్క నన్ను పల్లెత్తు మాట అనలేదు. నన్ను తినేస్తున్నది అదే.

ఆదివారం మధ్యాహ్నం, ఆఫీసులో నేనొక్కదాన్నే. బయట ముసురు. పాత ఫొటో పక్కన పెట్టుకుని డిజిటల్ పెన్నుతో కంప్యూటర్ తెర మీద బొమ్మ మొదలుపెట్టాను. ఒళ్లు, కళ్లు, చెవులు చకచకా వచ్చేశాయి. చిక్కంతా జూలు దగ్గరే. స్మడ్జ్ టూల్‌తో రుద్దితే రంగు వెంట్రుకల్లా సాగాలి. నాకేమో జావలా అలుక్కుపోతోంది. గుర్రం మెడకి ఎవరో తడిగుడ్డ చుట్టినట్టుంది.

తిట్టుకుంటూ ఒక్కొక్కటే సరిచేశాను. గుండ్రటి బ్రష్ తీసేసి, విడివిడి కుచ్చులున్నది పెట్టాను. రుద్దే బలం తొంభై నుంచి నలభైకి తగ్గించాను. కింది లేయర్ల, అంటే అడుగు పొరల, రంగు అంటుకోకుండా ఆ ఆప్షన్ పక్కనున్న టిక్కు తీసేశాను. కుదుళ్ల నుంచి కొసల దాకా ఒకే వైపు లాగాను. అప్పుడు విడింది జూలు. పోగు పోగుగా, గోధుమరంగులో... అచ్చం మొద్దుదే.

అంతలో వాసన వచ్చింది. తడిసిన గుర్రం వాసన. కిటికీలు మూసే ఉన్నాయి.

నేను తిన్నగా లాగుతున్న వెంట్రుకలు తిన్నగా లేవు. మూడేసి పాయలై మెలి తిరుగుతున్నాయి. అన్‌డూ నొక్కాను. పోయి, మళ్లీ వచ్చాయి. రెండు సన్నటి జడలు. ఫొటోలో జూలు విరబోసుకునే ఉంది.

అక్కకి ఫోన్ చేసి, స్పీకర్ ఆన్ చేసి బల్ల మీద పెట్టాను.

"మొద్దుకి ఎప్పుడైనా జడలు వేశావా?"

"పడ్డ రోజు పొద్దున... రెండు. నీకెవరు చెప్పారే?"

ఖాళీగా ఉన్న కొత్త లేయర్ తెరిచాను. అందులో రంగు చుక్క కూడా లేదు. రుద్దినా ఏమీ రాకూడదు. భయం భయంగా పెన్ను ఆనించి కిందికి లాగాను.

వెంట్రుకలు వచ్చాయి. నల్లటివి, మూడు పాయలుగా. మధ్యలో ఒక తెల్ల వెంట్రుక.

చిక్కులో దువ్వెన పళ్లు ఇరుక్కుంటే వచ్చే చప్పుడు... కంప్యూటర్లోంచి కాదు. ఫోన్లోంచి.

"ఏమే..." అక్క గొంతు గుసగుసగా ఉంది. "ఏం చేస్తున్నావక్కడ?"

"బొమ్మ... బొమ్మ వేస్తున్నానక్కా."

"నా జుట్టు లాగకే. నొప్పి."

పెన్ను బల్ల మీద పడేశాను. రెండు చేతులూ పైకెత్తాను, ఎవరో చూస్తున్నట్టు.

"ఆపేశానక్కా! ఆపేశాను..."

తెర మీద నల్లజడ ఇంకో మెలిక తిరిగింది.

"లేదే," అంది అక్క. "ఆపలేదు."