సేఫ్ అన్నవాళ్లు ఎనభై మంది

ప్రయోగం తొంభై నాలుగో రోజు. కాలనీ ఆఫీసులో గోడ మీది తెరపై ఆకుపచ్చ చుక్కని చూపించి డాక్టర్ నిరంజన్ మురిసిపోతున్నాడు.

"మీ అమ్మగారు మూడో బ్లాకు ముందున్నారు. ఇన్ని రోజుల్లో ఒక్కసారీ తప్పిపోలేదు!"

"గంటన్నర నించి అక్కడే ఉందేటండీ?" అంది అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన దమయంతి.

"అరవై మూడు మంది సేఫ్ అన్నారు కదమ్మా."

ఆ చుక్క పేరు అప్పలనర్సమ్మ. ముప్పయ్యేళ్లు విశాఖలో సిటీ బస్సు కండక్టరు. డిమెన్షియా వచ్చి కూతురి పేరు కూడా జారిపోయింది గానీ డ్యూటీ మర్చిపోలేదు. రోజూ నాలుగింటికి కాలనీలోకి వచ్చి, కనబడ్డవాళ్లందర్నీ "టికెట్, టికెట్" అని అడుగుతుంది.

ఈ ప్రయోగం మొదలుకాకముందు అందరూ "పాస్ అమ్మా" అనేవారు. రెండు ముక్కలు మాట్లాడి, "తర్వాతి స్టాపు ఇస్త్రీ బండి, రైట్ రైట్" అని పంపేవారు. ఇస్త్రీ బండి గౌరునాయుడు పాలబూత్‌కి పంపేవాడు, బూత్ వాళ్లు ఇంటికి. అలా మనిషి నుంచి మనిషికి మారుతూ దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరేది.

డాక్టరుగారు దాన్ని బాగుచేశారు! ఆవిడ చేతికో బ్యాండ్ కట్టారు. ఆవిడ క్షేమమేనా అని చుట్టుపక్కల ఫోన్లన్నిటికీ అది కబురు పంపుతుంది. ఎవరైనా "సేఫ్" బటన్ నొక్కితే చుక్క ఆకుపచ్చగా ఉంటుంది. ఎవరూ నొక్కకపోయినా, యాప్‌లో పేరు లేనివాళ్లు ఆవిడ చెయ్యి పట్టుకున్నా ఎర్రబడి సెక్యూరిటీని పిలుస్తుంది. ఎంత తేలికో చూడండి. సోఫాలోంచి లేవక్కర్లేదు, ఆవిడ మొహం చూడక్కర్లేదు.

ఇప్పుడు ఆవిడ ఎవర్ని టికెట్ అడిగినా ఫోన్ నొక్కి వెళ్లిపోతున్నాడు. టికెట్ తెగకుండా బస్సు కదిలించే కండక్టరు కాదావిడ. అందుకే మే నెల ఎండలో అక్కడే నిలబడిపోయింది. అరవై మూడు మందిలో గుక్కెడు నీళ్లిచ్చినవాడు లేడు. చెబుతుంటేనే నాకు ఒళ్లు మండుతోంది.

దమయంతి మెట్లు దిగేలోపే చుక్క ఎర్రబడింది. గౌరునాయుడు బండి వదిలి పరిగెత్తి, "పాస్ అమ్మా, పాస్! ఇంటికెల్దాం రా" అని ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. సెక్యూరిటీ వాళ్లు అతన్ని కాలర్ పట్టుకుని తెచ్చి డాక్టర్ ముందు నిలబెట్టారు.

"యాప్‌లో మీ పేరు లేదండీ," అన్నాడు డాక్టర్ మర్యాదగానే.

"నాకాడ అలాటి ఫోను నేదు బాబూ. ఆయమ్మ సొమ్మసిల్లిపోతంటే సూత్తూ ఊరుకోమంటారేటి? అంతమంది బటన్ నొక్కినారు, ఒక్కరైనా పలికినారా?"

దమయంతి ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. ఇస్త్రీ బండిని గేటు దాటించి వెనక వీధిలోకి తోసేశారు.

డాక్టర్ మాత్రం అతని మాట మనసులో పెట్టుకున్నాడు. వారం తిరక్కుండా బ్యాండ్‌కి నోరు పెట్టించాడు. ఇక ఆవిడ "టికెట్" అంటే బ్యాండే "పాస్ అమ్మా, రైట్ రైట్" అంటుంది. మనుషులకి ఆపాటి శ్రమ కూడా ఎందుకు!

మర్నాడు అప్పలనర్సమ్మ గేటు దగ్గర ఆగి "టికెట్" అంది. "పాస్ అమ్మా," అంది బ్యాండ్. ఆవిడ అటూ ఇటూ చూసింది. మనిషి లేడు. మళ్లీ అడిగింది. మళ్లీ అదే గొంతు.

"మొకం సూపించకుండా పాస్ అంటే సెల్దు. దిగు!"

బ్యాండ్ ఊడబెరికి గేటు పక్క గట్టు మీద పెట్టి బయటికి నడిచింది.

వెంటనే ఫోన్లన్నిటికీ కబురొచ్చింది: "బ్యాండ్ చేతికి లేదేమో, దయచేసి చూసి చెప్పండి." చీకటి పడేదాకా ఎనభై మంది సేఫ్ నొక్కారు. ఆ రోజుని డాక్టర్ రికార్డుగా రాసుకున్నాడు.

దమయంతి వెతుక్కుంటూ వెళ్లేసరికి అమ్మ వెనక వీధిలో ఇస్త్రీ బండి పక్కన స్టూలు మీద కూర్చుని మజ్జిగ తాగుతోంది. మొహం కళకళలాడుతోంది. దమయంతిని చూడగానే గౌరునాయుడు గబుక్కున రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"నాను ఆయమ్మని ముట్టుకోనేదు తల్లీ," అన్నాడు.