ఆడ మనుషులుంటే

"ఏం రాస్తాండారు?"

వెనక నుంచి వచ్చిన ఆ మాటకు నా పెన్ను ఆగింది. నోట్‌బుక్ గబుక్కున మూసేశాను. మూసిన తీరులోనే దొంగతనం బయటపడి ఉంటుంది.

నంద్యాలలో రైస్ మిల్లుల వెనక ఉన్న గ్రౌండు అది. సాయంత్రం ఫుట్‌బాల్ ప్రాక్టీసు నడుస్తోంది. నేను సిమెంటు మెట్ల మీద కూర్చున్నాను. నాకు రెండు మెట్ల పైన, నీళ్ల ట్యాంకు స్తంభం చాటున, ఒకమ్మాయి నిలబడి ఉంది.

"పద్యాలు," అన్నాను.

"గళ్లు గీసి పద్యాలు రాస్తారా?"

"తెలుగు టీచర్ని. గణాలు కట్టాలంటే గళ్లు కావాలి."

"అట్లనా! ఏదీ, ఒగటి చదవండి."

తప్పించుకునే దారి లేదు. నోట్‌బుక్‌లో 'గోల్‌కీపర్ పొడుగు. కింద వచ్చే బంతికి ఆలస్యం' అని అప్పటికే రాసుకుని ఉన్నాను. దాన్నే కాస్త సాగదీశాను.

"పొడుగు మనిషికి నేల దూరము, వంగేలోపల పొద్దు వాలును."

ఆమె చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "అచ్చం మా గోలీని చూసి రాసినట్లే ఉండాది."

"మీ గోలీనా?"

"ఈ టీము మాదే సార్. ఆ తొమ్మిదో నంబర్ మా తమ్ముడు, లక్ష్మీనరసింహం. నా పేరు పుండరీకవల్లి. వల్లి అంటే చాలు. మొత్తం పేరు పిలిచేలోపల అవతల గోల్ పడిపోతాది. మీదేవూరు?"

"సంజామల."

అది అబద్ధం. మాది ఆళ్లగడ్డ. వచ్చే ఆదివారం ఇదే గ్రౌండులో ఆళ్లగడ్డ టీము నంద్యాలతో ఆడబోతోంది. ఏ లీగులోనూ లేని మ్యాచ్. పాయింట్లు లేవు, కప్పు లేదు. మా టీము కెప్టెన్, మా తమ్ముడు గోవింద్, పట్టుబట్టి కుదిర్చిన మ్యాచ్ అది. కుదిర్చిన పది రోజులకు జ్వరంతో పోయాడు. తొమ్మిది నెలల తరువాత టీములో ఎవరో ఆ మ్యాచ్ పేరెత్తారు. ఎవరూ వద్దనలేదు. నంద్యాల బలమెంతో చూసి రమ్మని నన్ను పంపారు. ఏనాడూ బంతి తన్నని వాణ్ణి ఎవరూ గుర్తుపట్టరని వాళ్ల ధైర్యం.

లక్ష్మీనరసింహం వరసగా రెండు బంతులు నెట్‌లోకి కొట్టాడు. మూడోసారి ఎడమ మూలకు పరిగెత్తాడు. అక్కడ గీత పక్కన ఎవరో గుంపుగా నిలబడి చూస్తున్నారు. సరిగ్గా అప్పుడే గాలికి వల్లి చున్నీ ఎగిరి నా నోట్‌బుక్ మీద పడింది. నేను తలెత్తేసరికి బంతి అతని కాళ్ల మధ్య నుంచి జారి బయటకు పోతోంది.

"చూసినారా?" అంది వల్లి, ఆ మూలకేసి గడ్డం చూపిస్తూ. "ఆడ మనుషులుంటే మావోడు ఆడడు."

చినుకులు మొదలయ్యాయి. ఇద్దరం ట్యాంకు కిందికి చేరాం. వాన కూడా ప్రాక్టీసు చేస్తున్నట్టు పడుతూ ఆగుతూ ఉంది.

"మీ ఇంట్లో ఎవరన్నా ఆడతారా సార్?"

"తమ్ముడు."

"ఏ నంబరు?"

"ఎనిమిది."

"ఒగసారి తీసకరండి. మావోనికి జోడీ అయితాడు."

తలూపాను.

ఆళ్లగడ్డలో మద్దిలేటి శిల్పాల షెడ్డే మా టీము అభిమానుల ఆఫీసు. గోవింద్ పోయాక టీముకు ఎత్తులు చెప్పేది అతనే. మద్దిలేటి సగం చెక్కిన ఏనుగును పక్కకు జరిపి, నల్లరాతి పలక మీద సుద్దముక్కతో గ్రౌండు గీశాడు.

"చెప్పు మాధవా. ఎట్లుండారు వాళ్లు?"

"గట్టిగా ఉన్నారు. ఏడో నంబర్‌ది కుడికాలే. గోలీ ఆలస్యంగా వంగుతాడు."

"ఆ తొమ్మిదో నంబరోడు?"

నోట్‌బుక్ తెరిచి, విన్నది విన్నట్టు చదివాను. "ఆడ మనుషులుంటే ఆడడు. ఎడమ మూల గురించి."

"అంటే ఆ మూలలో ముగ్గుర్ని నిలబెడితే బిగుసుకపోతాడన్నమాట." మద్దిలేటి అక్కడ మూడు సున్నాలు చుట్టాడు.

"మరి మధ్యలో ఎవురుంటారన్నా?" అన్నాడు టీము కుర్రాడు దావీదు.

"మధ్యలో దేవుడుంటాడు. ఇంతకీ ఎవురు చెప్పినారప్పా నీకు?"

"వాళ్లక్కే."

"అక్కే చెప్పిందా! రేయ్ దావీదూ, సారు మనకంటే ముందే గోల్ కొట్టినట్లుండాడ్రా."

అందరూ నవ్వారు. నేను మాత్రం సంజామల అబద్ధం గుర్తొచ్చి నోట్‌బుక్ మూశాను.

ఆదివారం మా వాళ్లు రెండు బస్సుల్లో వచ్చారు. ఆటగాళ్ల తల్లులు, అక్కచెల్లెళ్లు ముప్పై మందిదాకా దూరంగా వేపచెట్ల నీడన కూర్చున్నారు. ఎనిమిదో నంబర్ జెర్సీ ఎవరూ వేసుకోలేదు.

మా ఆటగాళ్లు ముగ్గురు ఎడమ మూలలో గోడలా నిలబడ్డారు. లక్ష్మీనరసింహం వాళ్లవైపు ఒకసారి వింతగా చూసి, తాపీగా మధ్యలోంచి వెళ్లి గోల్ కొట్టాడు. పావుగంట తరువాత ఇంకొకటి.

హాఫ్ టైమ్‌లో వల్లి గ్రౌండు చుట్టూ తిరిగి నా ముందుకొచ్చి నిలబడింది. ముఖంలో నవ్వు లేదు.

"సంజామల సారు ఆళ్లగడ్డోళ్ల పక్క కూచోనుండారే?"

"మాది ఆళ్లగడ్డ. అబద్ధం చెప్పినా."

"పద్యాలు గూడా అబద్ధమే?"

"అవును."

ఆమె ఎడమ మూలకేసి చూసింది. "ఆ ముగ్గురు ఆడెందుకు నిలబడినారు?"

"మీరే గదా అన్నారు, ఆడ మనుషులుంటే ఆడడని."

వల్లి నుదురు కొట్టుకుంది. "ఆడమనుషులు సార్! ఆడోళ్లు! తెలుగు సారు గదా మీరు!"

నా చెవులు వేడెక్కాయి. ఒకే మాటను నేను 'అక్కడ మనుషులు' అనుకుని విడదీసి రాసుకున్నాను. నేను పెట్టిన ఆ ఖాళీలోంచే రెండు గోల్స్ పోయాయి.

"ఆ పొద్దు మూలలో నిలబడింది మిల్లు ఆడోళ్లు. కనపల్లేదా?"

"అప్పుడు మీరు పక్కనే ఉన్నారు," అన్నాను.

ఆమె చూపు తిప్పుకుంది. మెల్లగా అంది. "వెలుగోడులో ఆడేటప్పుడు వాని నిక్కరు చినిగింది. హాస్టల్ ఆడపిల్లోళ్లు ఒగటే నవ్వినారు. అప్పటి నుంచి ఆడోళ్లు కనపడితే వాని కాళ్లాడవు. అందుకే నేను గూడా స్తంభం చాటున నిలబడేది." వేపచెట్ల కింద ఉన్న మా ఆడవాళ్లను చూసింది. ఆమె ముఖం మారింది. "ఇప్పుడు పోయి చెప్తారు గదా? గెలవాల గదా, మీ తమ్ముని కోసమన్నా. ఏడీ ఆయన?"

"లేడు." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "పోయిన కార్తీకంలో చనిపోయినాడు. ఈ మ్యాచ్ వాడే కుదిర్చినాడు."

తొమ్మిది నెలల్లో ఆ మాట నేను నోటితో అనడం అదే మొదలు. వల్లి విజిల్ పడేదాకా పక్కనే నిలబడి, తరువాత తన స్తంభం దగ్గరికి వెళ్లిపోయింది.

మద్దిలేటి పరిగెత్తుకొచ్చాడు. "యాడ తప్పిందప్పా లెక్క? ఆ పిల్ల ఏమంటాంది?"

ఒక్క మాట చాలు. ముప్పై మంది లేచొచ్చి గీత పక్కన నిలబడతారు. గోవింద్ మ్యాచ్ మాదవుతుంది. గోవింద్ ఉంటే ఏమనేవాడో నాకు తెలుసు. ఎదుటివాడు బూటు లేసు కట్టుకుంటుంటే బంతి ఆపి నిలబడే మనిషి వాడు.

"నేనే తప్పుగా విన్నా. ఆ ముగ్గుర్ని తీసేయ్, మామూలుగా ఆడమను."

"మరి సరిగ్గా ఏందో చెప్పు!"

"చెప్పను."

మద్దిలేటి నా ముఖంలోకి చూసి, ఆ ముగ్గురికి సైగ చేస్తూ వెళ్లిపోయాడు. మేం ఒక గోల్ కొట్టాం. వాళ్లు ఇంకొకటి కొట్టారు. మూడు-ఒకటితో ఓడిపోయాం.

మా వాళ్లు బస్సులెక్కుతుంటే వల్లి మళ్లీ వచ్చింది.

"ఎందుకు చెప్పలేదు?"

"మీరు నమ్మి చెప్పిన మాట. అది మా టీముది కాదు."

"ఓడిపోతిరి గదా."

"ఓడిపోయినాం." బస్సు మెట్టు మీద పెట్టిన కాలు కిందికి దించాను. "వచ్చే నెల ఆళ్లగడ్డలో మళ్లీ పెడదామనుకుంటాండారు. మీరు రండి. ఆట కోసం కాదు. మిమ్మల్ని మళ్లీ చూడాలని ఉంది."

వల్లి తలొంచుకుని చున్నీ కొస వేలికి చుట్టుకుంది. తలెత్తినప్పుడు కళ్లలో తడి, పెదవుల మీద కొంటెతనం రెండూ ఉన్నాయి.

"దీంట్లో ఇంకో అర్థం ఏమన్నా ఉండాదా సార్?"

"లేదు. ఒక్కటే."

"అయితే వస్తా."

బస్సు కదిలాక మద్దిలేటి నా పక్క సీట్లో కూలబడ్డాడు. "మూడు గోల్స్ తింటిమి. నవ్వుతాండావేందప్పా?"

నవ్వుతున్నానని అతడు అనేదాకా నాకు తెలియదు.