నీళ్ళు తాగిన సానరాయి

"మా మామ గొంతు తెగిండేదానికి మా అన్నే కారణమంటాండారమ్మా," అంది అంబిక, కుర్చీలో కూచోకుండానే. "రేపు పొద్దున స్టేషన్లో కంప్లైంట్ ఇస్తారంట. అన్న తప్పు ఒప్పుకొని రాయి తెచ్చిచ్చేదాకా నన్ను గడప తొక్కొద్దన్నాడు మా ఆయన."

చిక్కబళ్ళాపురం బస్టాండు వెనక వీధిలో, మేడ మీద ఒకే ఒక్క గదిలో ఉంటుంది ప్రతిమ ఆఫీసు. బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకుని విసిగి, అదేదో సొంతానికే చేసుకుందామని బయటికొచ్చిన మనిషి. ఆమె సహాయకుడు సుబ్బరాయప్ప, రిటైరైన బస్సు డ్రైవరు. కారు తోలడం ఆయన ఉద్యోగం, ప్రతిమను మెచ్చుకోవడం ఆయన వ్యసనం. ప్రతి కేసులోనూ ముందుగా ఒక దొంగను తేల్చి చెప్పేది కూడా ఆయనే. ఇంతవరకూ ఒక్కటీ నిజం కాలేదు, అయినా ఉత్సాహం తగ్గలేదు.

"ముందు కూచో అమ్మా," అంది ప్రతిమ. "రాయేంటి, గొంతు తెగడమేంటి? మొదట్నుంచి చెప్పు."

అంబిక చెప్పింది ఇది. ఆమె మామ చెన్నరాయప్పది చింతామణి. బతుకంతా పట్టుగూళ్ళ వ్యాపారం చేసి ఇప్పుడు తీరిగ్గా ఉన్నాడు. ఆయనకున్నది ఒకటే పిచ్చి, పాతకాలపు మడత కత్తితో గడ్డం గీసుకోవడం. కత్తి కంటే ఆయనకు సానరాయి మీద మక్కువ. గరుకు రాళ్ళు కత్తికి పదును తెస్తాయి గానీ, ఆ పదును చెంపకు హాయిగా తగలాలంటే ఆఖరున ఒక నున్నటి రాయి మీద నూరాలి. అలాంటి రాయి ఆయనకు తాతల నాటిది ఒకటుంది. దాన్ని అమ్మమని బెంగళూరు నుంచి కూడా అడిగినవాళ్ళున్నారు.

అంబిక అన్న నాగేశ్ చిక్కబళ్ళాపురంలో కొత్తగా సెలూన్ పెడుతున్నాడు. మడత కత్తితో గీయించుకోవడం ఇప్పుడు కుర్రకారుకు మళ్ళీ మోజు. తనకూ ఒక నున్న రాయి కొనాలి, ఎలా ఏరుకోవాలో తెలియదు. అంబిక జబ్బుపడ్డ తల్లిని చూసుకోవడానికి చాలా రోజులు పుట్టింట్లో, బట్లహళ్ళిలోనే ఉండిపోయింది. ఆయుధ పూజ మరుసటి రోజు చెల్లెల్ని చింతామణిలో దిగబెట్టడానికి వచ్చిన నాగేశ్, ఆ పూటంతా చెన్నరాయప్ప దగ్గర కూచుని రాళ్ళ సంగతి నేర్చుకున్నాడు. తెల్లారి ముసలాయన గడ్డం గీసుకుంటుంటే కత్తి పట్టేసి మెడ మీద లోతుగా తెగింది. కుట్లు పడ్డాయి. ప్రాణం దక్కింది.

"చూసేదానికి బాగేపల్లి నుంచి మామ మేనల్లుడు నందీశ్ వచ్చినాడు. పెట్టెలో రాయి చూసి, ఇది మామది కాదు, ఎవరో మార్చేసినారు అన్నాడు. అంతే. మా ఆయన బట్లహళ్ళికి పోయి, నడివీధిలో నిలబడి మా అన్నను దొంగ అని కేకలేసి వచ్చినాడు."

"మీ మామ ఏమన్నాడు?"

"చెయ్యి జారింది అన్నాడు. ఇంకొక మాట లేదు. ఎవరి మొగమూ చూడ్డంలేదు."

ప్రతిమ, సుబ్బరాయప్ప ముందుగా నాగేశ్ సెలూన్‌కు వెళ్ళారు. అద్దాలకు ఇంకా కాగితాలు తీయలేదు. నాగేశ్ కళ్ళు చూస్తే నిద్రపోయి చాలా రోజులైనట్టుంది.

"రాయి నువ్వు మార్చినావా?" అని సూటిగా అడిగింది ప్రతిమ.

"లేదు మేడం."

"ఆ రోజు ఆయన ఏం నేర్పించినాడు?"

"రాయి ఏరుకునేటప్పుడు మీద నీళ్ళు పొయ్యమన్నాడు. నున్న రాయికి దప్పిక ఉండకూడదు, నీళ్ళు మీదనే నిలవల్ల అన్నాడు. చూపిస్తానని తన రాయి మీదనే పోసినాడు. నీళ్ళు లోపలికి పోయినాయి. మళ్ళీ పోసినాడు, మళ్ళీ పోయినాయి."

"అప్పుడు నువ్వేమన్నావు?"

"ఏమంటాను మేడం, పెద్దాయన. ఊరుకున్నాను. గమ్మున కత్తి నూరి పెట్టె మూసేసినాడు."

కారెక్కగానే సుబ్బరాయప్ప తీర్పు చెప్పేశాడు. "వీడే మేడం. నీళ్ళు లోపలికి పోయినాయంట, కథలు."

"అబద్ధం చెప్పేవాడు నీళ్ళు మీదనే నిలిచినాయి అంటాడు గదా సుబ్బరాయప్పా? రాయి మారినట్టు తానే చెప్పుకుంటాడా?"

సుబ్బరాయప్ప ఆలోచించి, నిజమే అనుకుని, ఇంత తెలివి ఈమెకు యాడనుంచి వస్తుందో అని మనసులోనే ఆశ్చర్యపడి గేరు మార్చాడు.

చింతామణిలో అంబిక భర్త ధనుంజయ వాళ్ళను వాకిట్లోనే నిలబెట్టాడు. "మా ఆడది డిటెక్టివ్లను పెట్టిందా? దాని అన్నను కాపాడేదానికి?" అన్నాడు. తండ్రి రక్తం చూసిన భయం ఇంకా వదల్లేదు. ఆ భయమే కోపంగా మారిందని ప్రతిమకు అర్థమైంది. చివరికి పెట్టె తెచ్చిచ్చాడు.

రాయి బూడిద రంగులో, పెట్టెలో సరిగ్గా ఇమిడేలా ఉంది. అంచులు మాత్రం ఈమధ్య అరగదీసినట్టు పదునుగా ఉన్నాయి. పక్కభాగంలో వెలిసిపోయిన ఎర్రటి చుక్క ఒకటి కనబడింది. తడిగుడ్డతో తుడిచి చూసింది. పోలేదు.

లోపల చెన్నరాయప్ప మెడకు కట్టుతో మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"ఈ రాయి మీద పూజకు ముందర ఎప్పుడు నూరినారప్పా?"

"ముందు వారం," అన్నాడాయన ఇటు తిరక్కుండానే. "వెన్నమాదిరి నడిచింది కత్తి."

"పూజ తర్వాత?"

ఆయన దుప్పటి మొగం మీదికి లాక్కున్నాడు. అది సుబ్బరాయప్పకు అనుమానంగా తోచింది. ఆయనకు ఆ ఇంట్లో గోడలు కూడా అనుమానంగానే ఉన్నాయి.

వంటింట్లో ఆయన భార్య రామలక్ష్మమ్మ దొరికింది. ఆయుధ పూజ నాడు కత్తులకూ రాయికీ బొట్టు పెడతారా అని అడిగితే, "పెట్టకుండా ఉంటామా?" అంది. "రాయి మొగాన పెడితే ఈయన కోప్పడతాడు. అందుకే పక్కన ఒక కుంకుమ బొట్టు. మరుసటి దినం కడిగేస్తాం."

"పూజకు సామాన్లు ఎవరు సర్దినారు?"

"నందీశే. పండక్కని వచ్చి మూడునాళ్ళుండె. పెట్టె దించి, అన్నీ కడిగి పలక మీద పెట్టి, పనుందని పూజ కాకముందే పోయినాడు పాపం."

నందీశ్ పెరట్లో ఫోన్ చూసుకుంటూ ఉన్నాడు. తెల్లటి చొక్కా, మర్యాదగల మాట.

"మీరు కడిగి పెట్టినప్పుడు అది మీ మామ రాయేనా?" అంది ప్రతిమ.

"ఆయనదే. నీళ్ళు పోసి నా చేతుల్తో కడిగినాను. చిన్నప్పట్నుంచి చూస్తాండే రాయి నాకు తెల్దా? నేను పోయినాక వచ్చినోడే మార్చినాడు."

"గట్టిగా చెప్పగలరా?"

"దేవుని ముందరైనా చెప్తాను."

ప్రతిమ నవ్వి, అందర్నీ నడవలోకి రమ్మంది. నాగేశ్‌కు ఫోన్ చేసి రప్పించింది. సుబ్బరాయప్ప తోడుగా నిలబడి చెన్నరాయప్పను కుర్చీలో కూచోబెట్టాడు. అన్నతో వచ్చిన అంబిక మాత్రం గడప బయటే నిలబడింది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

ప్రతిమ చెంబుతో నీళ్ళు తెప్పించి రాయి మీద పోసింది. నీళ్ళు కాసేపు నిలిచి మెల్లగా మాయమయ్యాయి.

"ఇది చెన్నరాయప్పగారి రాయి కాదు. అందులో నందీశ్ చెప్పింది నిజమే," అంది ప్రతిమ. "మారింది ఎప్పుడు అనేదే ప్రశ్న. మీరంతా పూజ తర్వాత అనుకున్నారు. అమ్మా, ఇట్ల రాండి. ఈ పక్కనున్న మరక ఏంది?"

రామలక్ష్మమ్మ రాయిని వెలుగులోకి తిప్పి చూసింది. "కుంకుమ. నేను పెట్టిందే, ఇదే చోట." కొంగుతో రుద్ది చూసింది. "అయితే ఎప్పుడూ నిలవదే. ఎన్నేండ్లనుంచి పెడతాండాను, కడిగితే పోయేది."

"పోతుంది. ఆ రాయి ఏమీ పీల్చుకోదు కాబట్టి. ఇది నీళ్ళతోపాటు మీ కుంకుమనూ తాగింది. అంటే పూజ నాడు పలక మీద ఉన్నది ఈ దొంగ రాయే. అప్పటికి నాగేశ్ ఈ ఇంట్లో అడుగు పెట్టలేదు, అంబిక పుట్టింట్లోనే ఉంది. ముందు వారం పెద్దాయన నూరినప్పుడు అసలు రాయి ఉంది. ఆ మధ్యలోనే మారింది."

ధనుంజయ తల్లి చేతిలోంచి రాయి తీసుకుని తానే ఆ మరక చూశాడు.

"ఆ మధ్యలో ఇంట్లో ఉన్నది మీరు, మీ అమ్మ, నాన్న, నందీశ్. మీలో ఒక్కరే నాకు అబద్ధం చెప్పినారు. నీళ్ళు పోసి నా చేతుల్తో కడిగినాను, అది మామ రాయే అన్నది నందీశ్. రాళ్ళు తెలిసినవాడు. దొంగ రాయి కడిగి, నీళ్ళు ఇంకుతుంటే చూసి, అసలుదే అని ఎందుకు చెప్పినాడు? ఆ మాట నమ్మితేనే తప్పు నాగేశ్ మీదికి పోతుంది కాబట్టి."

"తొందర్లో చూసుకోలేదేమో," అన్నాడు నందీశ్.

"దేవుని ముందరైనా చెప్తానన్నారు."

నందీశ్ అందరి మొగాలూ చూసి తల దించుకున్నాడు. "బెంగళూరులో ఒకాయన వదలకుండా అడుగుతాండె. ఇంకా ఇయ్యలేదు, మా ఇంట్లోనే ఉండాది. మామకు వయసైపోయింది, తెల్సుకోడులే అనుకుంటి. మెడ తెగుతాదని నిజంగా అనుకోలేదు. మామ లేచి రాయి మారిందంటే నా మీదికి వస్తాదని, ముందే నేనే చెప్పి నాగేశ్ మీదికి తోసినా."

"మెడ తెగినాక ఇంకొకని మెడకు చుట్టినావు," అంది ప్రతిమ. ఆమె గొంతులో కోపం దాగలేదు. "ధనుంజయగారూ, కంప్లైంట్ ఎట్లాగూ రాసి పెట్టుకున్నారు. పేరు మార్చి ఇయ్యండి."

అప్పుడు చెన్నరాయప్ప నోరు విప్పాడు. మాట మాటకూ కుట్లు లాగుతున్నాయి. "నీళ్ళు ఇంకినప్పుడే అది నా రాయి కాదని తెల్సు నాకు. నాకే మతి తప్పింది, ఏ రాయో తెచ్చి పెట్టెలో పెట్టుకున్నా అనుకుంటి. నేర్చుకోను వచ్చిన పిల్లోని ముందర చెప్పేదానికి సిగ్గయింది. నా చెయ్యి బాగానే ఉండాదని చూపించుకోవల్లని తెల్లారి ఆ కత్తితోనే గీసుకున్నా. పడుకున్నాక కూడా ఆ సిగ్గుతోనే నోరు మెదపలేదు. నా సిగ్గుకు ఆ పిల్లోడు దొంగయినాడు." నాగేశ్ వైపు తిరిగి చేతులు జోడించబోతే, నాగేశ్ వచ్చి ఆ చేతులు పట్టుకున్నాడు.

రామలక్ష్మమ్మ గడప దగ్గరికి వెళ్ళింది. "లోపలికి రామ్మా."

"నేను రాను అత్తా," అంది అంబిక. ఏడుపు ఆపుకుంటోంది, మాట మాత్రం తొణకలేదు. "మా అన్నను దొంగ అనింది ఈడ కాదు. మా వీధిలో, మా అమ్మ మంచంలో ఉండగా. మీ కొడుకు ఆడికే వచ్చి, ఆడే నిలబడి కాదని చెప్పల్ల. అప్పుడొస్తాను."

ధనుంజయకు భార్యను చూసే ధైర్యం లేదు. సుబ్బరాయప్ప ఎవర్నీ అడక్కుండా వెళ్ళి కారు తలుపు తెరిచాడు. ముందుగా చెప్పులు వేసుకున్నది రామలక్ష్మమ్మే. "పదరా, నేనూ వస్తా," అంది కొడుకుతో.

బట్లహళ్ళిలో ఎండ ఇంకా తగ్గలేదు. ధనుంజయ నడివీధిలో నిలబడి, నాగేశ్ దొంగ కాదు, నాదే తప్పు అన్నాడు. ఒకరిద్దరు తలుపుల్లోంచి తొంగి చూశారు.

"ఇంకా గట్టిగా చెప్పండి," అంది అంబిక. "మా అమ్మకు చెవులు సరిగా వినపడవు."

ధనుంజయ మళ్ళీ చెప్పాడు. ఈసారి వీధి వీధంతా బయటికొచ్చింది.